పుస్తకం అమ్మాలా, గాయం అమ్మాలా?



పుస్తకం రాసినవాడు ఆ పుస్తకాన్ని తానే సంచిలో వేసుకుని ఊరూరా తిరగొచ్చా? వేదిక ఎక్కి "నా పుస్తకం కొనండి, చదవండి" అని అడగొచ్చా? అహంకారం తగ్గించుకోమని చెప్పే ధమ్మంలో ఉన్నవాడికి అది తగిన పనేనా?

ఇది రచయితల గొడవ, మనకెందుకు అనుకోకండి. విహారం కట్టడానికి చందా అడిగేవాళ్లకూ, సభల్లో పాట పాడేవాళ్లకూ, ఫోన్‌లో వీడియోలు పెట్టి ధమ్మం చెప్పేవాళ్లకూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. నలుగురి ముందు నిలబడి "ఇటు చూడండి" అనే ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు తనను తాను అడుక్కోవలసిన మాట ఇది: నేను దేన్ని చూడమంటున్నాను? నన్నా, నేను చెప్పే విషయాన్నా?

నాకు ఈ ప్రశ్న ఎలా వచ్చిందో చెప్తాను. మా వాడ గురించి నేనొక చిన్న పుస్తకం రాశాను. అందులో సగం మా పెద్దలు పడ్డ అవమానం. చెరువులో వేరే రేవు, హోటల్లో వేరే గ్లాసు, కూలి పెంచమంటే దెబ్బలు. మిగతా సగం మా వాడలో కొన్ని కుటుంబాలు ధమ్మదీక్ష తీసుకున్నాక ఏం మారిందన్నది. పెళ్లి ఎలా మారింది, చావు ఎలా మారింది, జాతరలో డప్పు కొట్టే వెట్టి ఎవరు మానేశారు, మానేస్తే ఊరు ఏమంది, ఆదివారం వందనకు ఆడవాళ్లు ఎలా ముందుకొచ్చారు. ఈ పుస్తకం పట్టుకుని మూడేళ్లుగా సాహిత్య ఉత్సవాలకూ, పుస్తక ప్రదర్శనలకూ, అంబేడ్కర్ భవనాలకూ తిరుగుతున్నాను.

ఈ ఉత్సవాలు ఇప్పుడు చాలా పెరిగాయి. జైపూర్‌లో 2006లో మొదలైంది. హైదరాబాద్‌లో 2010 నుంచి జరుగుతోంది. ఢిల్లీలో 2019 ఫిబ్రవరిలో దళిత సాహిత్య ఉత్సవం కూడా పెట్టారు. అంతకు చాలా ముందు నుంచే మనకు విజయవాడలో జనవరి నెల పుస్తక మహోత్సవం ఉంది, హైదరాబాద్‌లో పుస్తక ప్రదర్శన ఉంది. పుస్తకం రాసి ఇంట్లో కూర్చుంటే కుదరదు, రచయిత కూడా రావాలి, మాట్లాడాలి, సంతకాలు పెట్టాలి అన్నది ఇప్పటి పద్ధతి.

మా విహారంలో ఒక ఉపాసిక నన్ను సూటిగానే అడిగింది: "ఏం తమ్ముడూ, నీ బొమ్మ ఉన్న ఫ్లెక్సీ ముందు నిలబడి నీ పుస్తకం గురించి నువ్వే చెప్పుకుంటున్నావంట. అది మానం కాదా?" పాళీలో మానం అంటే నేను గొప్ప అనుకోవడం. మంచి ప్రశ్న. నవ్వి వదిలేసే ప్రశ్న కాదు.

నోరు మూసుకోవడమే వినయమా?

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. తన రాతను తాను ప్రచారం చేసుకోవడమే తప్పయితే, ఆ తప్పు బాబాసాహెబ్ కూడా చేసినట్టే.

లాహోర్‌లోని జాత్ పాత్ తోడక్ మండల్ 1936లో జరపాలనుకున్న తమ సభకు బాబాసాహెబ్‌ను అధ్యక్షుడిగా పిలిచింది. ప్రసంగం ముందుగా చూసి, కొన్ని మాటలు తీసేయమంది. కామా కూడా మార్చనన్నారాయన. సభ రద్దయింది. అప్పుడాయన ఏం చేశారు? సొంత డబ్బుతో ఆ ప్రసంగాన్ని 1,500 ప్రతులు అచ్చు వేయించారు. రెండు నెలల్లో అవన్నీ అయిపోయాయి. అదే ఇవాళ మనం చదువుతున్న కుల నిర్మూలన.

గాంధీ తన హరిజన్ పత్రికలో దాని గురించి రాస్తూ, ఎనిమిది అణాల ధర ఎక్కువ, రెండణాలకో కనీసం నాలుగణాలకో ఇవ్వాలన్నారు. సభవాళ్లు కాదన్నా ఓడిపోకూడదని సొంత ఖర్చుతో అచ్చు వేశారని కూడా రాశారు. ఆ మాటలో ప్రచార కాంక్ష అన్న నింద బాబాసాహెబ్‌కు కనిపించింది. ఆయన దాన్ని దాటవేయలేదు, జవాబు రాశారు. తనకు కావలసినదానికంటే ఎక్కువ ప్రచారమే ఉందనీ, హిందువులు తమ స్థితి గురించి ఆలోచించాలనే అచ్చు వేశాననీ చెప్పారు. చూశారా, ప్రశ్న అప్పుడూ ఇదే. ఆయన జవాబులో బలం ఎక్కడుందో గమనించండి. ప్రచారం చేయలేదని ఆయన బుకాయించలేదు. దేని కోసం చేశానో చెప్పారు.

ఇరవై ఏళ్ల తర్వాత, 1956 సెప్టెంబరులో, బుద్ధుడు - ఆయన ధమ్మం గ్రంథం ప్రతులు సుమారు 500 ప్రభుత్వం కొని గ్రంథాలయాలకు పంచమని కోరుతూ ప్రధాని నెహ్రూకు ఆయనే ఉత్తరం రాశారు. బుద్ధుడి 2,500 ఏళ్ల జయంతి ఉత్సవాలు జరుగుతున్న ఏడాది అది. కొనడం వీలు కాదని జవాబొచ్చింది. ఉత్సవాలకు వచ్చేవాళ్లకు అమ్మకానికి పెట్టుకోవచ్చన్న సలహా కూడా వచ్చింది. ఆ పుస్తకం అచ్చయి 1957లో బయటికొచ్చేనాటికి బాబాసాహెబ్ లేరు. ఒంట్లో జబ్బు పెట్టుకుని, తన పుస్తకం కోసం తానే అడిగిన ఆ మనిషిని మానం ఉన్నవాడని ఎవరనగలరు?

మనకు దగ్గర్లోని అమరావతి సంగతి కూడా చెప్పుకుందాం. అక్కడి మహాస్తూపం పలకల మీద దాతల పేర్లున్నాయి. వర్తకులున్నారు, భిక్షుణులున్నారు, మామూలు గృహస్థులున్నారు. ఒక పలక మీద విధికుడు అనే చర్మకారుడి పేరుంది. కుటుంబంతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను దానం చేసినట్టు అందులో చెక్కించుకున్నాడు. అది గొప్ప చెప్పుకోవడమేనా? తోలు పని చేసే చేతులకు కూడా ఒక పేరుంటుందని రాయి మీద రాసి ఉండటం ఎంత పెద్ద సంగతో మనకు తెలుసు. ఊళ్లో మన పెద్దలకు చాలాకాలం పేరే లేదు. "ఏరా, ఒరేయ్" తప్ప.

కాబట్టి మనలాంటివాళ్లు జాగ్రత్తగా ఉండాల్సిన చోటు ఒకటుంది. వినయం వేరు, అణిగి ఉండటం వేరు. "నీ గురించి నువ్వు చెప్పుకోకు" అన్న నీతిని వేల ఏళ్లుగా మనకు నేర్పినవాళ్లు తమ గురించి చెప్పుకోవడం ఎప్పుడూ మానలేదు. మనం నోరు మూసుకుంటే అది ధమ్మం అయిపోదు. పాత అలవాటు అవుతుంది.

వగ్గుముదా నది ఒడ్డున

అయితే ఏం చెప్పినా, ఎలా అమ్మినా సరేనా? కాదు. వినయపిటకంలో ఒక సంఘటన ఉంది.

వజ్జి దేశంలో కరువొచ్చింది. భిక్ష దొరకడం కష్టమైంది. వగ్గుముదా నది ఒడ్డున వర్షావాసం చేస్తున్న భిక్షువులు కొందరు ఒక ఉపాయం ఆలోచించారు. "ఈ భిక్షువు ఫలానా ధ్యానం సాధించాడు, ఆ భిక్షువు ఫలానా ఫలం పొందాడు" అంటూ గృహస్థుల ముందు ఒకరినొకరు పొగుడుకున్నారు. జనం నమ్మారు. తాము తినకుండా, పిల్లలకు పెట్టకుండా వాళ్లకు పెట్టారు. వర్షావాసం అయ్యాక బుద్ధుడి దగ్గరికి వచ్చిన మిగతా భిక్షువులు చిక్కి శల్యమై ఉంటే, వీళ్లు మాత్రం నిగనిగలాడుతున్నారు. సంగతి తెలుసుకున్న బుద్ధుడు వాళ్లను గట్టిగా మందలించారు. లేని గొప్పను ఉందని చెప్పుకుని జనం అన్నం తినేవాడిని దొంగలందరిలోకీ పెద్ద దొంగ అన్నారు. సంఘం నుంచి బయటికి పంపే నాలుగు పారాజికల్లో నాలుగోది ఆ సందర్భంలోనే వచ్చింది.

ఈ కథ చదివినప్పుడల్లా నాకు ఇప్పటి పుస్తకాల వెనక అట్టలు గుర్తొస్తాయి. "నీ పుస్తకం మీద నేను రాస్తాను, నా పుస్తకం మీద నువ్వు మాట్లాడు." చదవకుండానే "తెలుగులో ఇలాంటిది రాలేదు" అనేస్తాం. పైసా ఖర్చు లేని పొగడ్తే గదా అనుకుంటాం. కానీ ఆ మాట నమ్మి రెండు వందలు పెట్టి కొన్న కూలీ మనిషి కొడుకు ఉన్నాడే, అతని అన్నంలోంచి తీసుకున్నట్టే అది. సమ్మా వాచా అంటే బూతులు మాట్లాడకపోవడం ఒక్కటే కాదు. నిజమైన తూకం వేయడం కూడా.

అమ్మడంలో తప్పు లేదు. ఉపాసకుడు చేయకూడని వ్యాపారాలు ఐదని బుద్ధుడు చెప్పారు: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం. పుస్తకం అందులో లేదు. అచ్చుకూ కాగితానికీ డబ్బవుతుంది, రాసినవాడికీ కడుపుంది. ధర చెప్పడానికి సిగ్గుపడక్కర్లేదు. కానీ ఆ ఐదింటిలో రెండోదాని దగ్గర నేను ఆగుతాను. ప్రాణులను అమ్మడం. మనుషుల్ని అమ్మడం ఇప్పుడెక్కడుంది అంటాం. మన పెద్దల ఏడుపును టిక్కెట్టు పెట్టి చూపిస్తే అది దేని కిందికొస్తుంది?

సగం పుస్తకం

నాకు ఉత్సవాల్లో ఎదురైంది ఇదే. పిలుస్తారు, గౌరవంగానే చూస్తారు. మన రచయితలందరినీ ఒకే గంటలో, ఒకే వేదిక మీద కూర్చోబెడతారు. కవిత్వం రాసేవాడూ, కథ రాసేవాడూ, చరిత్ర రాసేవాడూ అందరూ ఒకే పేరు కింద: గొంతుకలు, గాయాలు, వెలివేత. పక్క హాల్లో పై కులం రచయితను వాక్యం గురించి అడుగుతారు, ఏ పుస్తకాలు చదివి పెరిగారని అడుగుతారు. మనల్ని ఎన్ని రోజులు పస్తులున్నారని అడుగుతారు.

ఒకచోట కార్యక్రమానికి ముందు, సమన్వయం చేసే ఆయన నన్ను పక్కకు పిలిచి మర్యాదగానే అన్నాడు: "సార్, ఆ రేవు దగ్గర మీ పెద్దమ్మను కొట్టిన సంఘటన ఉంది గదా, అది చెప్పండి. ఆమె ఏడ్చింది చెప్తే హాలంతా కదిలిపోతుంది." ఆ పెద్దమ్మ ఇంకా బతికే ఉంది. రాసే ముందు నేను ఆమెను అడిగాను. ఆమె నాతో అన్న మాట ఇది: "నా పేరు రాయి. కానీ నేను ఏడ్చినట్టు రాయమాకు. ఆ రోజు నేను ఏడవలా. తిట్టా." నేను వేదిక మీద ఆమె చెప్పినట్టే చెప్పాను. తిట్టిందని చెప్పాను. తర్వాత ఆ రేవు కోసం వాడంతా కలిసి పోలీస్‌స్టేషన్ దాకా నడిచారని, ఆ నడకలోంచే మా వాడలో అంబేడ్కర్ సంఘం పుట్టిందని, ఆ సంఘంలోంచే విహారం వచ్చిందని చెప్పడం మొదలుపెట్టాను. విహారం దగ్గరికి వచ్చేసరికి "సమయం అయిపోయింది సార్" అని చీటీ వచ్చింది.

ఆ చీటీ నాకు పాఠం చెప్పింది. వాళ్లకు కావలసింది నా పుస్తకంలో మొదటి సగం. రెండో సగానికి ఆ బజారులో గిరాకీ లేదు.

ఇక్కడ ధమ్మం మాట ఒకటి గుర్తుచేసుకోవాలి. నాలుగు ఆర్యసత్యాల గురించి బాబాసాహెబ్ తన గ్రంథం పరిచయంలోనే ఒక గట్టి ప్రశ్న వేశారు. పుట్టుకా దుఃఖమే, బతుకూ దుఃఖమే, చావూ దుఃఖమే అంటే ఆ ధమ్మం మనిషికి ఏం ఆశ ఇస్తుందని. అందుకే ఆయన మనకు చెప్పిన ధమ్మంలో రెండూ కలిసే ఉంటాయి: లోకంలో దుఃఖం ఉందని గుర్తించడం, దాన్ని తొలగించే దారి చూపడం. మొదటిది చెప్పి రెండోది చెప్పకపోతే అది ధమ్మం కాదు. నిరాశ.

సాహిత్య ఉత్సవం మన దగ్గర కొనాలనుకునేది సరిగ్గా ఆ మొదటి ముక్క. దుఃఖం చెప్పు. కారణం చెప్పబోతే "రాజకీయం వద్దు" అంటారు. తొలగించే దారి చెప్పబోతే "మతం వద్దు" అంటారు. కారణం లేని దుఃఖం విన్నవాడు "అయ్యో" అని టీ తాగి ఇంటికి పోవచ్చు. కారణం చెప్తే అతను ఇంట్లో తన గ్లాసుల వంక చూసుకోవాలి. దారి చెప్తే మనం జాలికి పాత్రులం కాదని ఒప్పుకోవాలి. అది కష్టం. అందుకే సమయం అయిపోతుంది.

కాబట్టి ఉపాసిక అడిగినదానికి నా జవాబు ఇది. పుస్తకం అమ్మొచ్చు. గాయం అమ్మకూడదు. కారణం నుంచీ, దారి నుంచీ విడదీసి చెప్పిన బాధ గాయాన్ని అమ్మడమే అవుతుంది, చెప్పింది అక్షరాలా నిజమైనా సరే.

"అయితే పోవద్దు" అనేవాళ్లకు

కొందరు మిత్రులు అంటారు: "ఆ వేదికలు మనవి కావు. పోవడం ఎందుకు, అవమానపడటం ఎందుకు?" ఈ మాటలో బాధ ఉంది, నిజమూ కొంత ఉంది. కానీ నేను ఒప్పుకోను. బుద్ధుడు తనను మెచ్చేవాళ్ల దగ్గరికే వెళ్లలేదు. బ్రాహ్మణ గ్రామాలకు వెళ్లారు, రాజుల దగ్గరికి వెళ్లారు, అంబపాలి మామిడి తోటలో బస చేశారు. బాబాసాహెబ్ లండన్ రౌండ్ టేబుల్ దాకా వెళ్లారు. ఆ ఉత్సవాల్లోనే నాకు మంచి పాఠకులు దొరికారు. అనువాదం చేస్తామన్నవాళ్లు దొరికారు. కార్యక్రమం అయ్యాక మెట్ల దగ్గర నిలబడి "ఆ విహారం సంగతి మధ్యలో ఆగిపోయింది, చెప్పండి" అని అడిగిన కాలేజీ పిల్లలూ దొరికారు. వాళ్ల కోసమైనా పోవాలి. అయితే లాహోర్ షరతు మీద పోవాలి. పిలుపు వదులుకోవచ్చు, కామా వదులుకోకూడదు.

ఇంకో సంగతి. పోయినచోటల్లా వింటారని లేదు. బోధి పొందాక బుద్ధుడికి దారిలో మొదట ఎదురైన శ్రోతల్లో ఉపకుడనే ఆజీవకుడు ఒకడు. నీ గురువెవరని అడిగాడు. బుద్ధుడు తనకు గురువు లేడనీ, తాను జయించాననీ చెప్పారు. "అలాగే అయ్యుండొచ్చులే" అని తల ఊపి ఉపకుడు వేరే దారిన పోయాడు. ఇసిపతనంలో ఐదుగురు పాత మిత్రులు కూడా, బుద్ధుడు తాను సాధించింది చెప్పినప్పుడు మొదట నమ్మలేదు. దుఃఖం గురించీ దారి గురించీ చెప్పాకే కొండఞ్ఞుడికి అర్థమైంది. నేను ఇందులో చూసేది ఇది: మనిషి గురించి చెప్పినప్పుడు వినేవాడు తల ఊపి పోతాడు, విషయం చెప్పినప్పుడు కూర్చుంటాడు.

పొగడ్త బరువు

నిందకంటే పొగడ్త కష్టం. లాభం నష్టం, కీర్తి అపకీర్తి, నింద ప్రశంస, సుఖం దుఃఖం, ఈ ఎనిమిదింటినీ బుద్ధుడు లోకధర్మాలన్నారు. ఇవి అందరికీ వస్తాయి. బుద్ధుడైనా వీటిని రాకుండా ఆపలేడు. వచ్చినప్పుడు ఊగిపోకుండా ఉండటమే చేయగలిగింది. బ్రహ్మజాల సుత్తంలో భిక్షువులకు చెప్పింది మరీ సూటిగా ఉంటుంది. ఎవరైనా మనల్ని తిడితే కోప్పడొద్దు, అందులో ఏది నిజం కాదో విడమర్చి చెప్పండి. పొగిడితే ఉప్పొంగొద్దు, ఏది నిజమో అంతవరకే ఒప్పుకోండి.

ఒక ఉత్సవంలో రెండొందల మంది లేచి చప్పట్లు కొట్టారు, పుస్తకాలు నాలుగు అమ్ముడయ్యాయి. ఒక మండల కేంద్రంలో, అంబేడ్కర్ భవనంలో ముప్పై మంది చాపల మీద కూర్చున్నారు. కరెంటు పోయింది. ఇరవై రెండు అమ్ముడయ్యాయి. రెండు కుటుంబాలు కలిసి ఒక ప్రతి కొనుక్కున్నాయి. నలుగురికీ చెప్పుకోబుద్ధయ్యేది మొదటి సభ గురించే. పుస్తకం పని చేసింది మాత్రం రెండో చోట.

వినేవాళ్లకూ ఒక మాట. కాలాములకు బుద్ధుడు చెప్పినదాంట్లో, చెప్పేవాడు ఘనంగా కనిపిస్తున్నాడు గదా అని నమ్మొద్దన్నది కూడా ఉంది. మైకు, లైట్లు, శాలువా చూసి పుస్తకం గొప్పదనుకోకండి. మనవాడు రాశాడు గదా అని కూడా అనుకోకండి. కొన్నాక చదవండి. బాగాలేకపోతే బాగాలేదని రాసినవాడికి చెప్పండి.

దీక్షాభూమి దగ్గర పుస్తకాల బల్లలు

మనకు సొంత పుస్తకాల పండగలున్నాయి. 1956 అక్టోబరు 14న బాబాసాహెబ్ దీక్ష తీసుకున్న నాగపూర్‌లో, ఏటా ధమ్మచక్ర ప్రవర్తన దినం నాడు, డిసెంబరు 6న ముంబై దాదర్‌లో, వరసగా పుస్తకాల బల్లలు పెడతారు. రైళ్లలో కిక్కిరిసి వచ్చిన జనం బుద్ధుడి బొమ్మ, పంచశీల జెండా, ఒక పుస్తకం కొనుక్కుని తిరుగు ప్రయాణం కడతారు. మన వైపు నుంచి వెళ్లేవాళ్లకు ఇది తెలుసు. అక్కడ చాలా పుస్తకాల పక్కన రచయిత ఉండడు. కొనేవాడు తీసుకుంటాడు, నాలుగు పేజీలు తిప్పుతాడు, ధర అడుగుతాడు. ధమ్మాన్ని ఏహిపస్సికో అంటారు గదా, వచ్చి చూసుకో అని. ఆ బల్లల దగ్గర జరిగేది అదే. బుద్ధుడు మోక్షదాత కాదు, మార్గదాత అని బాబాసాహెబ్ చెప్పారు. దారి చూపిన ఆయనే తనను పక్కన పెట్టుకున్నప్పుడు, నూట నలభై పేజీలు రాసిన మనం దారికి అడ్డంగా నిలబడటం ఏం బాగుంటుంది?

వేదిక ఎక్కే ముందు

ఎక్కడికైనా వెళ్లే ముందు నేను కొన్ని ప్రశ్నలు వేసుకుంటున్నాను. రాసేవాళ్లకూ, మాట్లాడేవాళ్లకూ పనికొస్తాయేమో చూడండి.

నేను చెప్పబోయే బాధ ఎవరిది? వాళ్లను అడిగానా? వాళ్లు ఇక్కడ కూర్చుని వింటే ఇలాగే చెప్తానా?

బాధతో పాటు దాని కారణం చెప్పానా? కులం పేరు ఎత్తానా, మింగేశానా?

వినేవాడు ఇంటికెళ్లి చేయదగిన పని ఒక్కటైనా చెప్పానా?

మిత్రుడి పుస్తకాన్ని మెచ్చుకునే ముందు చివరిదాకా చదివానా?

ఈ వేదిక నన్ను మళ్లీ పిలవకపోయినా పర్వాలేదన్నట్టు మాట్లాడగలనా?

వీటికి మనసులో సరైన జవాబు ఉంటే ధైర్యంగా వెళ్లండి. మీ పుస్తకం పేరు గట్టిగా చెప్పండి, ధర కూడా చెప్పండి. అది మానం కాదు. విధికుడు తన పేరు రాయి మీద చెక్కించుకున్నాడు, మా పెద్దమ్మ తన పేరు రాయమంది. పేరు పెట్టి నిలబడటం మనకు హక్కు. ఆ పేరు కింద నిజం, కారణం, దారి మూడూ ఉండేలా చూసుకోవడం మన శీలం.

నమో బుద్ధాయ. జై భీమ్.